నేల మునిగినా హక్కు మునగరాదు

మన బేస్తవారిపేటకు సముద్రం వంద కిలోమీటర్ల పైమాటే. కంభం చెరువు నిండితే అదే మనకు సముద్రం. వాన కోసం ఆకాశం వైపు, బోరు కోసం పాతాళం వైపు చూడటమే గానీ కెరటానికి భయపడటం మన పడమటి మండలాల వారికి అలవాటు లేదు. అలాంటి చోట వున్న మనం, ఎక్కడో మహాసముద్రాల మధ్య మునిగిపోతాయంటున్న దీవుల గురించి ఆలోచించడం ఎందుకని పాఠక సోదరులు అడగవచ్చు.

ఎందుకంటే ఆ దీవుల ప్రజలు ఇవాళ లోకం ముందు ఒక పెద్ద ప్రశ్న పెట్టారు. ఒక దేశపు నేలంతా నీటిపాలైతే ఆ దేశం వున్నట్టా, లేనట్టా? ఆ ప్రజలు తమ పేరుతో, తమ జెండాతో, తమ హక్కులతో ఒక జాతిగా మిగులుతారా, లేక ఎవరో దయతలచి చూపిన చోట తలదాచుకునే కాందిశీకులుగా చెల్లాచెదురవుతారా? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే అది చివరికి మన నల్లమల కొండల అంచుకే వచ్చి ఆగుతుంది. ఎలాగో చూద్దాం.

ఎవరీ దీవులవారు?

మనకు అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ మాల్దీవులు. మన దేశానికి నైరుతి దిక్కున హిందూ మహాసముద్రంలో వున్న సుమారు 1,200 చిన్న పగడపు దీవుల సముదాయమది. అందులో జనావాసం వున్నవి 200 లోపే. జనాభా విదేశీ కార్మికులతో కలుపుకొని 5 లక్షల పైచిలుకు. పౌరులంతా ముస్లిములు. ఆ దేశపు నేలలో నూటికి ఎనభై పాళ్ళు సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తు కూడా లేదు. మన ఇళ్ళ ముందరి అరుగు ఎత్తు అనుకోండి.

1987లో ఆనాటి మాల్దీవుల అధ్యక్షుడు మామూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభలో తన దేశానికి రాబోయే ముప్పు గురించి ప్రపంచాన్ని హెచ్చరించారు. 1989లో చిన్న దేశాల ప్రతినిధులు ఆ దేశ రాజధాని మాలేలో సమావేశమై ఉమ్మడి ప్రకటన చేశారు. 2009 అక్టోబరు 17న మరో అధ్యక్షుడు ముహమ్మద్ నషీద్ తన మంత్రివర్గాన్ని ఏకంగా సముద్రం అడుగునే సమావేశపరిచారు. ఈత దుస్తులు ధరించిన మంత్రులు నీళ్ళలో కూర్చుని సంతకాలు పెడుతున్న ఫోటోలు చూసి అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. నవ్వు మనది, బాధ వారిది.

పసిఫిక్ మహాసముద్రంలో తువాలు అనే దేశం వుంది. తొమ్మిది దీవులు, మొత్తం 26 చదరపు కిలోమీటర్ల నేల, సుమారు 11 వేల జనం. మన వైపు ఒక్క మండలానికి ఇంతకన్నా ఎక్కువ విస్తీర్ణం, ఎక్కువ జనాభా వుంటాయి. దాని పొరుగున కిరిబాటి వుంది. 33 దీవులు, లక్షకు పైగా జనాభా. ఇంత చిన్నవైనా ఇవి ఐక్యరాజ్య సమితిలో మన దేశంతో సమానంగా ఒక్కో ఓటు కలిగిన సర్వసత్తాక దేశాలు.

మన సొంత దేశంలోనే లక్షద్వీప్‌లో పరళి-1 అనే జనం లేని చిన్న దీవి కోతకు గురై పూర్తిగా మాయమైపోయిందని 2017లో ఒక పరిశోధన తేల్చింది. భూతాపం వల్ల మంచు కరిగి, సముద్రపు నీరు వేడెక్కి వ్యాకోచించి, 1901 నుంచి 2018 లోపల ప్రపంచమంతటా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. ఈ శతాబ్దంలో ఆ పెరుగుదల వేగం ఏటా 3.7 మిల్లీమీటర్లకు చేరిందని శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం లెక్కగట్టింది.

ముందుగా పోయేది నీరే

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని దాచకుండా చెప్పుకోవాలి. తువాలు దీవుల పాత చిత్రాలను, కొత్త చిత్రాలను పోల్చి చూసిన పరిశోధకులు, 1971 నుంచి 2014 లోపల ఆ దేశపు మొత్తం నేల కొద్దిగా పెరిగిందే గానీ తగ్గలేదని తేల్చారు. కెరటాలు ఒకవైపు కోసిన ఇసుకనూ, పగడపు ముక్కలనూ మరోవైపు పోస్తాయి. దీన్ని పట్టుకుని, ఇదంతా ఉత్త గగ్గోలు అని కొట్టిపారేసేవారు వున్నారు.

అయితే మనిషి ఇసుకతో బతకడు, మంచినీటితో బతుకుతాడు. పగడపు దీవి కింద వాన నీరు ఉప్పు నీటి మీద పలచని పొరగా తేలి వుంటుంది. బావుల్లో ఊరేది ఆ నీరే. సముద్రం పెరిగి, పోటు నీరు తరచుగా లోపలికి వచ్చే కొద్దీ ఆ పొర ఉప్పగా మారుతుంది. వారు గుంటలు తవ్వి పెంచుకునే చేమ జాతి దుంపలు కుళ్ళిపోతాయి. దీవి మునగక ముందే దాని మీద బతుకు ముగిసిపోతుంది.

ఈ మాట సముద్రపు ఒడ్డువాడి కన్నా మనకే త్వరగా అర్థం కావాలి. మన పడమటి ప్రాంతంలో నేల ఎక్కడికి పోయింది? ఎకరాలు ఎకరాలుగా ఇక్కడే వుంది. బోర్లు ఎండిపోయాయి, పడే కాసిని నీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు. అందుకే ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివాళ్ళను వదిలి, గుంటూరు వైపు కూలికీ, హైదరాబాదు, బెంగళూరుల్లో కట్టడం పనులకూ వెళ్ళే కుటుంబాలు ప్రతి ఊళ్ళో వున్నాయి. నేల మిగిలి వుండగానే ఊరు ఖాళీ కావడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

చట్టం పుస్తకాల్లో చోటు లేదు

మరి అలా ఇల్లు వదిలి వేరే దేశం చేరిన వ్యక్తికి చట్టం ఏ పేరు పెడుతుంది? 1951 నాటి కాందిశీకుల ఒడంబడిక ప్రకారం జాతి, మతం, పౌరసత్వం, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం అనే కారణాల మీద వేధింపులకు భయపడి పారిపోయిన వ్యక్తే కాందిశీకుడు. సముద్రం తరిమిన వ్యక్తికి అందులో చోటు లేదు.

కిరిబాటికి చెందిన ఐయోనె టెయిటియోటా అనే ఆయన కుటుంబంతో న్యూజీలాండ్‌లో వుంటూ, తమను తిరిగి పంపవద్దని కోర్టు మెట్లెక్కారు. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఆయన వాదనను తోసిపుచ్చింది. ఆయనను వెనక్కు పంపేశారు. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిటీ కూడా ఆయన కేసులో న్యూజీలాండ్‌ను తప్పు పట్టలేదు. కానీ 2020 జనవరిలో వెలుగు చూసిన ఆ అభిప్రాయంలో ఒక ముఖ్యమైన మాట వుంది. వాతావరణ మార్పుల వల్ల ఒక దేశంలో ప్రాణానికే ముప్పు ఏర్పడినప్పుడు, అక్కడికి మనిషిని బలవంతంగా తిప్పి పంపడం జీవించే హక్కును భంగపరచడమే కావచ్చునని కమిటీ ఒప్పుకున్నది. తలుపు తెరుచుకోలేదు గానీ గడియ కాస్త కదిలింది.

ఇది ఒక వ్యక్తి సంగతి. మొత్తం దేశం మాటేమిటి? 1933 నాటి మాంటెవిడియో ఒప్పందం దేశానికి నాలుగు లక్షణాలు చెప్పింది. స్థిరమైన జనాభా, నిర్ణీతమైన నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించగల శక్తి. ఈ నాలుగూ వున్నప్పుడు దేశం పుడుతుందని అందరికీ తెలుసు. పుట్టిన తర్వాత నేల పోతే ఏమవుతుందన్నది ఆనాడు రాసినవారి ఊహకు అందలేదు. దేశాన్ని మరో దేశం ఆక్రమించడం వారు చూశారు. దేశాన్ని సముద్రం ఆక్రమించడం చూడలేదు.

ఆ సముద్రం ఎవరిది?

ఈ చర్చంతా జెండా కోసం, జాతీయ గీతం కోసమే అనుకుంటే పొరపాటు. ఇందులో అన్నం సంగతి వుంది. 1982 నాటి సముద్ర చట్టాల ఒడంబడిక ప్రకారం తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా వుండే చేపల మీద, సముద్ర గర్భంలోని ఖనిజాల మీద ఆ తీరదేశానికే హక్కు. అందువల్ల 26 చదరపు కిలోమీటర్ల తువాలుకు ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రం వున్నది. కిరిబాటికి సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన భారతదేశపు నేల కన్నా ఎక్కువ. ఆ నీళ్ళలో ట్యూనా చేపలు పట్టుకోవడానికి పరాయి దేశాల ఓడలు కట్టే రుసుమే కిరిబాటి ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా వుంటున్నది.

అదే చట్టంలో ఒక మెలిక వుంది. మనుషులు నివసించలేని, సొంత ఆర్థిక జీవనం లేని ఉత్త రాళ్ళకు ఈ 200 మైళ్ళ హక్కు వుండదు. చూశారా ఎంత అన్యాయమో! ఉప్పు నీటి వల్ల జనం దీవి వదిలి వెళ్ళారనుకోండి. ఆ మరునాడు ఎవరో వచ్చి, ఇది మనుషులుండే దీవి కాదు కాబట్టి ఇక్కడి చేపలు అందరివీ అనవచ్చు. ఇల్లు పోగొట్టుకున్నవారికి, ఆ కారణం చేతనే పొలం కూడా పోతుందన్నమాట.

హక్కు అనే మాట అరబ్బీ భాషలోని హఖ్ నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చింది. అరబ్బీలో ఆ మాటకు సత్యం అనే అర్థం కూడా వుంది. హక్కు వేరు, ఖైరాత్ వేరు. ఖైరాత్ ఇచ్చేవారి మనసును బట్టి వస్తుంది, పోతుంది. హక్కు మాత్రం, ఎదుటివారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సత్యంలా నిలిచి వుండాలి. దీవుల వారు అడుగుతున్నది ఇదే. వారికి కేవలం వీసాలు ఇచ్చి, కాలనీల్లో ఇళ్ళు ఇచ్చి, వారి సముద్రాన్ని మాత్రం వదులుకొమ్మంటే అది ఖైరాత్ పేరుతో హక్కును లాక్కోవడమే.

వారు ఊరికే కూర్చోలేదు

ఈ చిన్న దేశాలు కన్నీళ్ళు పెట్టుకుని కూర్చోలేదు. 2021 ఆగస్టులో పసిఫిక్ దీవుల వేదిక దేశాలన్నీ కలిసి, సముద్రం పెరిగినా తమ సముద్ర హద్దులు ఒకసారి నమోదైన చోటనే వుంటాయని ప్రకటించాయి. 2023లో తువాలు తన రాజ్యాంగాన్ని తిరగరాసి, నేల పోయినా తమ దేశం శాశ్వతంగా కొనసాగుతుందని అందులో చేర్చుకున్నది. అదే ఏడాది నవంబరులో పసిఫిక్ దేశాలు రాజ్యపు కొనసాగింపు గురించి మరో ప్రకటన చేశాయి.

2025 జూలై 23న హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పుల మీద ఏకగ్రీవంగా తన అభిప్రాయం వెల్లడించింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలన్నిటి మీదా వున్న చట్టబద్ధమైన బాధ్యత అని తేల్చింది. ఒకసారి ఏర్పడిన దేశం, దాని అంగాల్లో ఒకటి లేకుండా పోయినంత మాత్రాన తన దేశత్వాన్ని కోల్పోవలసిన అవసరం లేదన్నది. నమోదైన సముద్ర హద్దులను మార్చుకోనక్కర్లేదని కూడా చెప్పింది. ఈ అభిప్రాయాన్ని పాటించి తీరాలన్న నిర్బంధం ఎవరి మీదా లేదు. అయినా ఇకపై ఏ పెద్ద దేశమూ దీవుల వారితో మీకు చట్టంలో ఆధారం లేదని అనలేదు. ఈ వ్యవహారాన్ని ఆ కోర్టు దాకా నడిపించిన వనువాతు కూడా ఒక చిన్న దీవుల దేశమే.

ఇక ఆస్ట్రేలియా, తువాలు 2023 నవంబరులో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 2024 ఆగస్టులో అది అమలులోకి వచ్చింది. ఏటా 280 మంది తువాలు పౌరులు ఆస్ట్రేలియాలో స్థిరపడవచ్చు, చదువుకోవచ్చు, పని చేసుకోవచ్చు. నేల పోయినా తువాలు సార్వభౌమత్వం కొనసాగుతుందని ఆస్ట్రేలియా ఒప్పుకున్నది. 2025లో మొదటి లాటరీకి పిలుపు వస్తే, 11 వేల జనాభాలో ఎనిమిది వేలకు పైగా పేర్లు నమోదయ్యాయి. ఆ ప్రజల మనసులో ఎంత బెంగ వుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. అయితే అదే ఒప్పందంలో, రక్షణ వ్యవహారాల్లో మరో దేశంతో కలవాలంటే తువాలు ముందుగా ఆస్ట్రేలియా సమ్మతి తీసుకోవాలన్న షరతు కూడా వుంది. ఆశ్రయం ఇచ్చే చేతికి ఇలా తాడు కట్టి వుంటే, తీసుకునేవారి సార్వభౌమత్వం ఎంతవరకు మిగులుతుందన్నది మనం అడగవలసిన ప్రశ్న.

జాతి తరలిన పాత కథ

కొన్ని వేల మందే కదా, తలా ఒక వీసా ఇచ్చేస్తే సరిపోతుంది, దేశం గీశం అనే గొడవ ఎందుకు అనేవారికి బనాబా దీవి కథ చెప్పాలి. అది ఇప్పటి కిరిబాటిలో భాగం. 1900 నుంచి 1979 దాకా దాని మట్టిని ఫాస్ఫేట్ ఎరువు కోసం తవ్వి తీసుకుపోయారు. పరాయి పొలాలు పచ్చబడ్డాయి, బనాబా రాళ్ళగుట్టగా మిగిలింది. 1945 డిసెంబరులో బ్రిటిష్ పాలకులు ఆ ప్రజలను ఓడ ఎక్కించి, సుమారు రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరాన వున్న ఫిజీలోని రాబి దీవికి చేర్చారు. ఆ దీవిని కొన్నది కూడా బనాబా వారి ఫాస్ఫేట్ రాయల్టీ డబ్బుతోనే!

కానీ బనాబా ప్రజలు ఒక్కచోటికే, అందరూ కలిసి వెళ్ళారు. తమ పెద్దల మండలిని నిలుపుకున్నారు. లండన్ కోర్టులో పోరాడారు. అందువల్లే 1979లో కిరిబాటి స్వతంత్రమైనప్పుడు దాని రాజ్యాంగంలో బనాబా వారి కోసం ప్రత్యేక అధ్యాయం రాయవలసి వచ్చింది. ఫిజీలో వుంటున్న రాబి సమాజానికి కిరిబాటి శాసనసభలో ఒక ప్రతినిధి వుంటారు. తమ పాత దీవికి ఎప్పుడైనా వెళ్ళి వుండే హక్కు వారికుంది. ఒక్కొక్కరుగా విడిపోయి వుంటే ఇందులో ఏ ఒక్కటీ దక్కేది కాదు.

ఇదే ఫిజీకి 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా వెళ్ళినవారిలో మన తెలుగువారు కూడా వున్నారు. వారిని విడివిడిగా, ఒప్పంద పత్రం మీద వేలిముద్రలుగా తీసుకుపోయారు. ఏ ఊరూ ఊరుగా వెళ్ళలేదు. వారి మనవలు, మునిమనవలు ఫిజీ పౌరులుగా గౌరవంగానే బతుకుతున్నారు గానీ, చాలా కుటుంబాలకు తమ ముత్తాత ఊరి పేరు తెలుసుకోవడమే కష్టమైంది. తరలిన సమాజానికీ, చెదిరిన జనానికీ వున్న తేడా ఇదే.

మాల్దీవుల్లో కూడా ఒక మంచి ఉదాహరణ వుంది. 2004 డిసెంబరు సునామీలో కందొల్హుదూ అనే దీవి పూర్తిగా దెబ్బతిన్నది. ఆ దీవి జనం కొన్నేళ్ళు వేర్వేరు దీవుల్లో తాత్కాలిక గుడిసెల్లో గడిపారు. 2009 నాటికి అంతవరకు జనం లేని దువాఫరు అనే దీవిలో ఇళ్ళు, బడి, మస్జిద్ కట్టి ఆ సమాజాన్ని మళ్ళీ ఒక్కచోటికి చేర్చారు. నేల మారింది, ఊరు మిగిలింది.

మదీనా నేర్పిన మర్యాద

వలస అనగానే ముస్లిం ఇళ్ళల్లో గుర్తుకు వచ్చేది హిజ్రత్. మన సంవత్సరాల లెక్కే ఒక వలసతో మొదలవుతుంది. మక్కాలో వేధింపులు భరించలేక తొలి ముస్లిములు కొందరు అబిసీనియా చేరినప్పుడు, క్రైస్తవుడైన నజాషీ రాజు వారిని శత్రువులకు అప్పగించలేదు. వారి మాట విని ఆశ్రయం ఇచ్చాడు.

క్రీ.శ. 622లో దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా చేరిన తర్వాత అక్కడి సమాజాల మధ్య ఒక లిఖిత ఒప్పందం జరిగింది. అందులో మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లు మదీనా తెగల పక్కన తమ పేరుతోనే ఒక సమూహంగా నిలిచారు. తమ బాధ్యతలు తామే మోసే సమాజంగా వారికి గుర్తింపు వచ్చింది. వలస వచ్చినంత మాత్రాన వారి పేరు కరిగిపోలేదు.

హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానన్నప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) దుఆ చేసి, బజారు ఎటువైపుందో చూపమని మాత్రమే అడిగిన సంఘటన మన పిల్లలకు మదర్సాలో చెబుతాం. ఇచ్చేవారిలో సంకోచం లేదు. తీసుకునేవారిలో దీనత్వం లేదు. కిరిబాటి అధ్యక్షుడిగా పనిచేసిన అనోటె టోంగ్ తమ ప్రజలకు కోరింది కూడా ఇలాంటి గౌరవప్రదమైన వలసనే. చదువు, చేతిపని నేర్చుకుని వెళ్దాం, భారంగా కాకుండా పనికొచ్చేవారిగా వెళ్దాం అన్నది ఆయన విధానం. 2014లో ఆయన ప్రభుత్వం ఫిజీలో ఐదు వేల ఎకరాలకు పైగా భూమి కూడా కొన్నది.

ఇప్పుడు మన నల్లమలకు వద్దాం

ఇంతవరకు చదివిన పాఠకులు దీవుల వారి పక్షాన వుంటారని నా నమ్మకం. పెద్ద దేశాలు తమ సుఖం కోసం పొగ వదిలితే, ఏ పాపం ఎరగని దీవులు మునగడం అన్యాయమని అందరం ఒప్పుకుంటాం. అయితే అదే తక్కెడను మన ఇంటికి తెచ్చి చూద్దాం.

1981లో శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలను ఖాళీ చేయించారు. కృష్ణా తుంగభద్రల కూడలి దగ్గరున్న కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ పని మెచ్చుకోదగిందే. కానీ రాళ్ళకు చూపిన ఆ శ్రద్ధ ఊళ్ళకు దక్కలేదు. ఏ ఊరి జనం ఏ ఊరి పక్కన వుండాలో, ఎవరి చుట్టరికం ఎటు చెదిరిందో పట్టించుకున్నవారు లేరు. నిర్వాసిత కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్న 98వ నంబరు ఉత్తర్వు 1986లో వచ్చింది. దాని కోసం తండ్రుల తర్వాత కొడుకులు కార్యాలయాల చుట్టూ తిరిగారు.

ఆ శ్రీశైలం నీళ్ళనే సొరంగాల ద్వారా మన వైపుకు మళ్ళించే పథకం పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండను తొలిచి 18.8 కిలోమీటర్ల పొడవున జంట సొరంగాలు తవ్వారు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను ఆనకట్టలతో మూసి నల్లమల సాగర్ జలాశయం తయారు చేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు వాసుల పునరావాసం పూర్తి కాలేదు. ఆ జలాశయం కోసం సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి 11 గ్రామాలు, తండాలు నీట మునగవలసినవి.

ఈ నీళ్ళ కోసం ఎదురు చూసింది ఎవరు? మనమే. మార్కాపురం, కంభం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల గొంతు తడవాలంటే ఈ ప్రాజెక్టు రావాలని ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాం. అడగటం తప్పు కాదు, ఆ నీళ్ళు మన హక్కు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన కుళాయిలో నీరు రావాలంటే మరొకరి ఊరు మునగాలి. దీవుల వ్యవహారంలో పెద్ద దేశాలు నిలబడిన చోటనే ఈ వ్యవహారంలో మనం నిలబడి వున్నాం. అక్కడ వారు చేయాలని మనం అంటున్న న్యాయం, ఇక్కడ మనం చేయవలసి వుంది.

ఉప్పాడ వైపు చూస్తే మరో రకం కష్టం. కాకినాడ దగ్గరి ఆ తీరంలో సముద్రం ఏటేటా ఇళ్ళను, రోడ్డును కోసుకుపోతున్నది. ప్రాజెక్టు కింద మునిగితే భూసేకరణ చట్టం వుంది, పరిహారం అడగవచ్చు. సముద్రం తీసుకుపోతే ఏ చట్టం కింద అడగాలి? 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి తీర, నదీ కోతల వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు కేటాయించాలని సిఫారసు చేసింది. అది దేశమంతటికీ. మొదటి అడుగుగా మంచిదే గానీ, ఊరు ఊరుగా తరలే హక్కు దానితో రాదు.

ఏం చేయాలి?

2014 జనవరి నుంచి అమలులో వున్న భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలులో పునరావాస గ్రామానికి ఏమేం వుండాలో రాసి వుంది. రోడ్లు, తాగునీరు, బడితో పాటు పంచాయతీ కార్యాలయం, ప్రార్థనా స్థలాలు, శ్మశానం లేదా ఖబరస్తాన్ కూడా అందులో వున్నాయి. ఊరంటే ఇళ్ళ వరుసలు మాత్రమే కాదని చట్టం ఒప్పుకున్నదన్నమాట. కాబట్టి అడగవలసినవి స్పష్టంగా అడగాలి.

మొదటిది, ముంపు గ్రామాల వారిని ఏ ఊరివారిని ఆ ఊరిగానే ఒక్కచోట కుదర్చాలి. కాలనీకి నంబరు పెట్టి సరిపెట్టకుండా పాత ఊరి పేరే పెట్టాలి. ఆ పేరుతో వారికి సొంత పంచాయతీ వుండాలి.

రెండవది, జలాశయంలో చేపల మీద, అందులో వచ్చే ఆదాయం మీద ముందుగా ఆ గ్రామాల వారికే హక్కు దక్కాలి. తువాలుకు దాని సముద్రం ఎలాగో, సుంకేసులకు ఆ నీళ్ళు అలాగ.

మూడవది మన పని, ప్రభుత్వం కోసం ఎదురు చూడనక్కర్లేనిది. కొత్త కాలనీలు మన ఊళ్ళ పక్కనే వెలుస్తాయి. వారిని ముంపోళ్ళు అని ఒక పేరు తగిలించి దూరం పెట్టకండి. బావి దగ్గర, బడి దగ్గర, సంతలో చోటు ఇవ్వండి. వారిలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, గిరిజనులున్నారు. అన్సార్లు అతిథిని ఆదరించిన తీరు చదివి కళ్ళు తుడుచుకునే మనం, ఆ మర్యాదను మన వీధిలో చూపకపోతే ఆ చదువు ఎందుకు?

నాలుగవది, కూలికి వలస వెళ్ళే మన కుటుంబాలు తమ ఓటును, రేషన్ కార్డును, పిల్లల బడి సర్టిఫికెట్లను పోగొట్టుకోరాదు. చిన్న కాగితాలే గానీ, మనిషి ఊరు దాటినప్పుడు హక్కును వెంట మోసుకెళ్ళేవి అవే.

దీవుల వారి విషయంలో మన దేశం కూడా మాట్లాడాలి. మాల్దీవులు మన గుమ్మం ముందున్న దేశం. లక్షద్వీప్ మన ఇంట్లోనిదే. 1951 ఒడంబడిక మీద మన దేశం సంతకం చేయలేదు. సముద్రం తరిమిన వారి కోసం కొత్త ఒడంబడిక తెచ్చే ప్రయత్నంలోనైనా ముందు నిలవాలి. ఆ మాట గట్టిగా అనాలంటే మన ముంపు గ్రామాలకు మనం న్యాయం చేసి చూపించాలి. వెలిగొండ నీళ్ళు మన గడపకు వచ్చిన రోజున ఆ మొదటి బిందె నింపుకుంటూ, ఆ నీళ్ళ కింద వున్న ఊళ్ళ పేర్లు మన పిల్లలకు చెప్పగలగాలి. ఆ ఊళ్ళ వారు ఇప్పుడు ఎక్కడ, ఎలా వున్నారో కూడా తలెత్తుకుని చెప్పగలగాలి.